హెలెన్‌కి గిట్టని ఓడ సినిమా

కొవ్వూరులో గూడ్సు షెడ్డు వెనక సందులో సాయంత్రం పూట నడుస్తుంటే ఒక ఇంట్లోంచి ఆడమనిషి తిట్లు వినిపిస్తాయి. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు ఆవిడెవరో మొగుణ్ణి కడిగేస్తోందనుకుంటారు. పాతవాళ్ళు పట్టించుకోరు. హెలెన్ సినిమా చూస్తోందని వాళ్ళకి తెలుసు.

ఆమె చూసేవి తెలుగు సినిమాలు కావు. అరవై డెబ్భై ఏళ్ళ కిందట అమెరికాలో తీసిన నలుపు తెలుపు ప్రేమకథలు. టోపీ పెట్టుకున్న మగవాడు, మెడలో ముత్యాల దండ వేసుకున్న ఆడది, వెనక వయొలిన్లు. మగవాడు ఆమె భుజాలు పట్టుకుని ఒక్క ఊపు ఊపి ముద్దు పెట్టుకోబోతాడు. హెలెన్ సోఫాలోంచి ముందుకి వంగుతుంది.

"వదలరా సన్నాసీ! వద్దంటోంది, వినపడట్లేదా?"

పక్కన పేపరు చదువుకుంటున్న భర్త విజయ్ పాల్ తలెత్తడు. "ఆ నటుడు పోయి ముప్పై ఏళ్ళయ్యుంటుంది హెలెన్. ఆయనకెక్కడ వినపడుతుంది?"

"వినపడకపోతే పోనీండి. నాకు అనాలనుంది."

హెలెన్‌కి అరవై ఆరేళ్ళు. తాళ్ళరేవు దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు గారి కూతురు. రాజమండ్రిలో నర్సు చదువు చదివి, అక్కడే కాన్పుల వార్డులో ఉద్యోగంలో చేరి, హెడ్ నర్సుగా రిటైరైంది. నొప్పులు పడుతున్న ఆడపిల్లలంటే ఆమెకి ఎంత ఓపికో, వార్డు బయట తచ్చాడే వాళ్ళ మొగుళ్ళంటే అంత చిరాకు. మగపిల్లాడేనా అని అడిగినవాడికి ఆమె దగ్గర్నుంచి మంచి మాట వచ్చేది కాదు. "ముందు మీ ఆవిడ ఎలా ఉందో అడగండి. తర్వాత చెప్తాను" అనేది. ఆమె నోటికి గోదావరికి అటూ ఇటూ పేరుంది.

"అంత ఒళ్ళు మండితే ఆ సినిమాలు చూడటం దేనికమ్మా?" అని కూతురు బేబీ కాకినాడ నుంచి ఫోన్లో అడుగుతుంటుంది. పెద్ద టీవీ కొనిచ్చిందీ, నెట్టులో పాత ఇంగ్లీషు సినిమాలు ఎలా వెతకాలో చూపించిందీ ఆ పిల్లే.

హెలెన్ దానికి సూటిగా జవాబు చెప్పదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ సినిమాలంటే ఆమెకి ప్రాణం. అప్పట్లో రాజమండ్రిలో ఆదివారం పొద్దున్న ఆటలు ఇంగ్లీషువి వేసేవాళ్ళు. చర్చికని హాస్టలు నుంచి బయల్దేరి హాలుకి పోయేది. ఆ వెలుగులు, ఆ ఉంగరాల జుట్టు, మనిషి కోసం మనిషి అన్నీ వదిలేసుకోవడం చూసి, ప్రేమంటే అదేననుకుంది. రిటైరయ్యాక మళ్ళీ అవే సినిమాలు ఒక్కొక్కటే పెట్టుకుని చూస్తే ఆమెకి వేరే సంగతులు కనిపించాయి. హీరో అలుగుతాడు, హీరోయిన్ బతిమాలుతుంది. హీరో చెంప పగలగొడతాడు, ఆమె ఆ చెయ్యే పట్టుకుని ఏడుస్తుంది. వీటికా నేను చర్చి ఎగ్గొట్టింది అని ఆమెకి కోపం. ఆ కోపం తీరేదాకా చూడాలని పంతం. అది తీరకపోగా రోజురోజుకీ పెరిగింది.

ఒక్క సినిమా జోలికి మాత్రం ఆమె పోలేదు. అది ఓడ సినిమా. విజయ్ పాల్ ఎప్పుడైనా దాని బొమ్మ టీవీలో కనిపించినప్పుడు, "ఇది చూశావా?" అంటే, "చూసేశాను" అని ముందుకి జరిపేసేది. ఎందుకో ఆయనకి తెలుసు. రెట్టించేవాడు కాదు.

ఆ సందులోనే రాణి అనే అమ్మాయి ఉంటుంది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తుంది. రెండేళ్ళ కిందట ఆ అమ్మాయి ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి పాత ఇంగ్లీషు సినిమాల సంఘం ఒకటి పెట్టింది. ఒక కోచింగ్ సెంటరు మేడ మీద హాలు. ఆదివారం మధ్యాహ్నం తెర కట్టి సినిమా వేస్తారు. అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. వచ్చేవాళ్ళు ఎక్కువగా రిటైరైన మగవాళ్ళు. రాణి హెలెన్ తిట్లు రోజూ వింటూనే ఉంది కాబట్టి ఒకరోజు గుమ్మంలోకి వచ్చి అడిగింది.

"ఆంటీ, ఇక్కడ గోడలకి చెప్పే బదులు అక్కడికొచ్చి మనుషులకి చెప్పకూడదూ?"

హెలెన్ వెళ్ళింది. ఆదివారం చర్చి అయ్యాక అన్నం తిని బస్సెక్కి వంతెన దాటేది. మొదటి రోజు నుంచే ఆ సంఘంలో గొడవ మొదలైంది. మిగతావాళ్ళు నటన గురించీ, నీడల గురించీ, సంగీతం గురించీ మాట్లాడేవాళ్ళు. హెలెన్ లేచి, "అవన్నీ సరేనండి. ఆ పిల్లని ఇల్లు వదిలి వచ్చెయ్యమన్నాడు, తను మాత్రం ఊళ్ళో పెళ్ళాన్ని వదల్లేదు. వీడు హీరో ఏంటి?" అనేది.

"ఆ కాలాన్ని బట్టి చూడాలమ్మా" అనేవారు ఎవరో.

"ఆ కాలంలో నేనూ ఉన్నానండి."

ఆమె ఎప్పుడూ న్యాయంగా మాట్లాడిందని చెప్పలేం. సంఘంలో రమేష్ బాబు అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఎరువుల వ్యాపారం చేసి మానేశాడు. భార్య పోయి రెండేళ్ళయింది. యుద్ధానికి పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలి సినిమా ఒకటి వేసినరోజు ఆయన లేచి, ఇది మా ఆవిడకి ఎంతో ఇష్టమైన సినిమా అండి అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. హెలెన్ ఆగలేదు. "ఇష్టమని మీరనుకున్నారేమో. ఆవిణ్ణి అడిగారా ఎప్పుడైనా?" అంది. ఆయన మొహం పాలిపోయింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చే బస్సులో హెలెన్‌కి ఆ మొహమే కనిపించింది. తప్పు చేశానని తెలుసు. కానీ తర్వాతి ఆదివారం ఆయన ఎదురుపడితే ఆమె నోట ఆ ఒక్క మాటా రాలేదు. ఆయన కూడా అప్పటి నుంచి ఆమె వైపు చూడటం మానేశాడు.

పోయిన ఏడాది వానాకాలంలో రాణి వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు పెట్టింది. ఆ ఆదివారం ఓడ సినిమా. సినిమా తర్వాత ప్రసంగం. మాట్లాడేది రాజేంద్ర గారు, ఇంగ్లీషు శాఖ అధిపతిగా రిటైరై ఈమధ్యే విశాఖపట్నం నుంచి రాజమండ్రి వచ్చేశారు. పక్కన తెల్ల జుట్టుతో ఆయన ఫోటో.

హెలెన్ ఫోను పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడిపోయింది. పొయ్యి మీద పప్పు మాడింది.

రాజేంద్రది కోరుకొండ దగ్గర ఒక ఊరు. పొలాలున్న కుటుంబం. నలభై అయిదేళ్ళ కిందట వాళ్ళ నాయనమ్మకి జబ్బు చేసి ఆస్పత్రిలో ఉంటే, ఫ్లాస్కు పట్టుకుని రోజూ వచ్చేవాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. హెలెన్ ఆ వార్డులో శిక్షణలో ఉండేది. ముసలావిడ కోలుకుని ఇంటికి పోయాక కూడా అతను వస్తూనే ఉన్నాడు. ఆదివారం ఆటలకి ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. తెర మీద ఆ అమెరికా వాళ్ళు గబగబా మాట్లాడేది హెలెన్‌కి అర్థమయ్యేది కాదు. అతను చెవి దగ్గర గుసగుసగా తెలుగులో చెప్పేవాడు. ఆమె ప్రేమించింది సినిమాలనో, ఆ గుసగుసనో ఆమెకే తెలీదు.

ఓడ సినిమా వాళ్ళు మళ్ళీ మళ్ళీ చూశారు. ఒక రేవు పట్నంలో తాగుబోతు డాక్టరు. ఓడ కోసం ఎదురుచూస్తూ ఆ ఊళ్ళో దిగబడిపోయిన ఒక అమ్మాయి. ఇద్దరికీ ప్రేమ. అవతలి దేశంలో ఆమెని చేసుకోవడానికి డబ్బున్నవాడు సిద్ధంగా ఉన్నాడు. తన దగ్గరుంటే ఆమె పాడైపోతుందని డాక్టరు, నీ మీద నాకేమీ లేదు పొమ్మని అబద్ధం చెప్పి ఓడ ఎక్కిస్తాడు. ఓడ నిచ్చెన మీద ఆ అమ్మాయి వెనక్కి తిరిగి ఒక చిన్న మాట అంటుంది. రాజేంద్ర చెవిలో చెప్పాడు: "'నీ రుణం తీర్చుకోలేను' అంటోంది." హెలెన్ చేతిరుమాలు తడిసేలా ఏడ్చింది.

ఆ వేసవిలో అతను రావడం మానేశాడు. చెప్పలేదు, కబురు పెట్టలేదు. జబ్బు చేసిందేమోనని హెలెన్ బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళింది. అరుగు మీద వాళ్ళమ్మ చింతపండు వలుస్తోంది.

"ఎవరమ్మా నువ్వు?"

"రాజేంద్ర గారు ఉన్నారాండి?"

ఆవిడ లోపలికి కేకేసింది. అతను వచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, అప్పుడే తలంటు పోసుకున్నట్టున్నాడు. హెలెన్ వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు.

"ఎవరో నాకు తెలీదమ్మా. చర్చి చందాలకొచ్చినట్టుంది" అన్నాడు.

తల్లి లోపలికెళ్ళి సోలెడు బియ్యం తెచ్చింది. "పట్టమ్మా" అంది. హెలెన్ కొంగు పట్టింది. ఎందుకు పట్టిందో ఆమెకి ఇప్పటికీ తెలీదు. బియ్యం కొంగులో పడుతుంటే అతను గుమ్మానికి ఆనుకుని చూస్తూనే ఉన్నాడు.

విజయ్ పాల్ ఆమెని చూడటానికి వచ్చినప్పుడు హెలెన్ ఇదంతా చెప్పేసింది. వింటే పారిపోతాడని చెప్పింది. గూడ్సు బండి గార్డుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ మనిషి అంతా విని, "మరి ఆ బియ్యం ఏం చేశారండీ?" అని అడిగాడు. బస్టాండులో ఒక ముసలమ్మకి పోసేశానంది. "మంచిపని చేశారు. పారబోస్తారేమో అనుకున్నాను" అన్నాడు. ఆ మాటకి హెలెన్ ఆయన్ని చేసుకుంది.

ఓడ సినిమా వేసే ఆదివారం విజయ్ పాల్ ఆమెకి గొడుగు అందిస్తూ, "వెళ్ళి ఏం చేస్తావ్?" అన్నాడు.

"చూద్దామని. అంతే."

"అంతేనా?"

"అంతేనండి."

ఆమె అబద్ధం చెప్పలేదు. బస్సు ఎక్కేటప్పటికి ఆమె మనసులో అంతకన్నా ఏమీ లేదు.

హాలు నిండింది. ముందు వరసలో రాజేంద్ర గంజి పెట్టిన ఖద్దరు చొక్కాలో కూర్చున్నాడు. హెలెన్ వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. లైట్లు తీసేశారు. రేవు, పొగమంచు, డాక్టరు చేతిలో గ్లాసు. నలభై అయిదేళ్ళయినా ఆమెకి ప్రతి ముక్కా గుర్తుంది. తిట్లు నోటిదాకా వస్తే మింగుకుంటూ కూర్చుంది.

చివరికి ఓడ వచ్చింది. డాక్టరు అబద్ధం చెప్పాడు. ఆ అమ్మాయి నిచ్చెన ఎక్కి, మధ్యలో ఆగి, తిరిగి, ఆ చిన్న మాట అంది. కింద సబ్‌టైటిల్ పడింది. హెలెన్ అది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసేలోపల అక్షరాలు పోయాయి.

ఆ అమ్మాయి అన్నది రుణం మాట కాదు. "నన్నొక మాట అడిగుండాల్సింది" అంది. అనేసి, వెనక్కి చూడకుండా పైకెళ్ళిపోయింది. ఏడవను కూడా లేదు.

హెలెన్ కుర్చీలో ముందుకి జరిగింది. ఇన్నేళ్ళూ ఆమె ఆ సినిమాని తిట్టుకుంది, ఆ అమ్మాయిని తిట్టుకుంది. తనని తరిమేసినవాడికి దణ్ణం పెట్టిన తెలివితక్కువదనుకుంది. ఆ పిల్ల అలా అననే లేదు. ఆ మాట చెవిలో పోసింది వేరే మనిషి.

లైట్లు వేశారు. రాజేంద్ర మైకు ముందుకొచ్చాడు. మంచి గొంతు, ఇప్పటికీ. త్యాగం గురించి మాట్లాడాడు. ప్రేమించిన మనిషి బాగుండాలని ఆ మనిషి దృష్టిలో చెడ్డవాడవడం కన్నా గొప్ప పని లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పని సంగతి మీకు చెప్తున్నాను. నా జీవితంలోనూ ఇలాంటి రేవు ఒకటుంది. ఆ అమ్మాయి నర్సు కోర్సు చదువుతుండేది. మా ఇళ్ళల్లో ఒప్పుకోరు. నాతో ఉంటే ఆమె భవిష్యత్తు పాడవుతుంది. గోదావరి స్టేషన్లో ఒక వానరోజు, నాకు నువ్వంటే ఇష్టం లేదు అని అబద్ధం చెప్పి రైలెక్కించాను. ఆమె ఆఖరి నిమిషంలో కిటికీలోంచి ఏమందో తెలుసాండి? 'మీ రుణం తీర్చుకోలేను' అంది. ఈ సినిమాలో చివర ఆ అమ్మాయి అన్నట్టే."

ఎవరో ముక్కు చీదారు. చప్పట్లు మొదలయ్యాయి. అవి ఆగేదాకా హెలెన్ కూర్చుని, ఆగాక లేచింది.

"ఆ అమ్మాయి అలా అనలేదండి" అంది.

రాజేంద్ర కళ్ళు చిట్లించాడు. "ఎవరండీ మీరు?"

"అప్పుడూ ఇదే మాటన్నారు. రాణీ, ఆ చివరి ముక్క మళ్ళీ వెయ్యమ్మా."

రాణికి ఏమీ అర్థం కాలేదు. అయినా వేసింది. నిచ్చెన, అమ్మాయి, సబ్‌టైటిల్. ఈసారి హాలంతా చదివింది.

రాజేంద్ర నవ్వాడు. "అది పైకి కనిపించే అర్థమండి. ఆ మాట వెనక ఉన్నది కృతజ్ఞతే. సాహిత్యం తెలిసినవాళ్ళు..."

"సాహిత్యం సంగతి పక్కన పెట్టండి. గోదావరి స్టేషన్లో మీరెవర్ని రైలెక్కించారో నాకు తెలీదు. నేను మాత్రం బస్సెక్కి మీ ఊరొచ్చాను. మీ అరుగు మీద నిలబడ్డాను. వాన లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ. ఎవరో తెలీదు, చందాలకొచ్చిందన్నారు. మీ అమ్మగారు సోలెడు బియ్యం పోశారు. మీరు చూస్తూ నిలబడ్డారు. ఇందులో త్యాగం ఎక్కడుందో చూపించండి."

ముందు వరసల్లోవాళ్ళు వెనక్కి తిరిగి హెలెన్‌ని చూశారు.

"మీరు ఎవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారమ్మా" అన్నాడు రాజేంద్ర. "పెద్దవయసులో ఇలాంటివి..."

"నాకు పెద్దవయసే. మతి పోలేదు."

"హెలెన్, ఇది పద్ధతి కాదు!"

అనేశాక కానీ ఆయనకి తెలియలేదు. పేరు ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో ఇద్దరు ఆయన వైపు తలెత్తి చూశారు. రాజేంద్ర మొహం ఎర్రబడింది. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, గొంతు పెంచాడు.

"అవును, అన్నాను. నీ మంచికే అన్నాను. నేను ఒప్పుకుని ఉంటే మా వాళ్ళు నిన్ను ఊళ్ళోనే కొట్టేవాళ్ళు. ఆ సంగతి నీకు తెలుసా?"

"కొట్టనివ్వాల్సిందండి. దెబ్బలు మానేవి."

"నువ్వు ఉద్యోగం చేశావు. కుటుంబం ఉంది. ఏం తక్కువైంది నీకు?"

"ఏమీ తక్కువ కాలేదు. అవేవీ మీరిచ్చినవి కావు. మీరిచ్చింది సోలెడు బియ్యం. దాన్ని త్యాగమని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు చూడండి, దానికి నేను ఊరుకోను. భయపడ్డానని చెప్పండి. ఇరవయ్యేళ్ళ కుర్రాడు భయపడితే ఎవరూ ఉరి తియ్యరు."

రాజేంద్ర మైకు బల్ల మీద పడేశాడు. అది చెవులు చిల్లులు పడేలా కీచుమంది. రాణి మధ్యకొచ్చి, "ఆంటీ, ఇంక చాలు, ప్లీజ్" అంది. అప్పుడు రమేష్ బాబు లేచాడు. ఆయన మాట్లాడబోతుంటే హెలెన్ ఆశగానే చూసింది.

"వారంలో ఇక్కడ కూర్చునే ఈ కాసేపే మాకు మిగిలింది" అన్నాడాయన. "దాన్ని కూడా కంపు చేశావు. నీకు జరిగింది అన్యాయమే అయ్యుండొచ్చు. కానీ నీ నోటికి అందరూ ఒకటే. ఇంటికెళ్ళమ్మా."

హెలెన్ గొడుగు తీసుకుని మెట్లు దిగింది. వెనక నుంచి ఎవరూ రాలేదు.

సాయంత్రానికి గ్రూపు అట్టుడికింది. కొందరు రాజేంద్ర గారికి క్షమాపణ చెప్పాలన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు హెలెన్ పక్షాన రాశారు. వాళ్ళని ఎవరో ఎగతాళి చేశారు. హెలెన్‌ని గ్రూపులోంచి తీసేశారు. తీసేసినట్టు ఫోన్లో కనిపిస్తే, "పీడా పోయింది" అని ఫోను బల్ల మీద బోర్లించింది. కానీ ఆ వారమంతా ఆమె సరిగా అన్నం తినలేదు.

పది పన్నెండు రోజులకి ఒక కారు సందులోకి రాలేక చివర ఆగింది. రాజేంద్ర నడుచుకుంటూ వచ్చాడు. విజయ్ పాల్ కుర్చీ వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. హెలెన్ వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

ఆయన వచ్చిన పని తేలిగ్గానే చెప్పాడు. పాత సినిమాల మీద ఆయన రాసిన వ్యాసాలు పుస్తకంగా వస్తున్నాయి. ఆఖరి వ్యాసం ఓడ సినిమా మీద, ఆ రైలు స్టేషను జ్ఞాపకంతో ముగుస్తుంది. ఈ గొడవ నలుగురికీ పాకింది. హెలెన్ రాణి చేత గ్రూపులో ఒక చిన్న మెసేజి పెట్టిస్తే చాలు. పొరపాటు పడ్డాను, ఆయన చెప్పిన అమ్మాయి నేను కాదు అని.

"ఎలాగూ ఆ అమ్మాయిని నేను కానుగా" అంది హెలెన్. "రైలెక్కి రుణం తీర్చుకోలేనన్నది నేను కాదు. నిజమే. అదే రాస్తాను. కింద బియ్యం సంగతి కూడా రాస్తాను."

"నువ్వేం మారలేదు. అప్పుడూ ఇదే నోరు."

"ఈ నోటికి భయపడే పారిపోయారేమో. ఆ సంగతైనా రాసుకోండి, అందులో కాస్త నిజముంటుంది."

రాజేంద్ర విజయ్ పాల్ వైపు తిరిగాడు. "మీరైనా మీ ఆవిడకి నచ్చజెప్పండి సార్."

విజయ్ పాల్ ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "నేను గూడ్సు గార్డునండి. వెనక పెట్టెలో కూర్చుని జెండా ఊపడమే నా పని. ఇంజను ఎప్పుడూ నా చేతిలో లేదు."

రాజేంద్ర మంచినీళ్ళు ముట్టుకోకుండా లేచాడు. గుమ్మం దాటుతూ, "మీలాంటివాళ్ళకి సినిమాలెందుకు" అన్నాడు. ఆ 'మీలాంటివాళ్ళు' అన్న మాట విని అంతవరకూ నిదానంగా ఉన్న విజయ్ పాల్ లేచి నిలబడ్డాడు. హెలెన్ చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దండి. ఇన్నాళ్ళకి లోపలున్న మాట బయటికొచ్చింది. పోనివ్వండి" అంది.

పుస్తకం సంక్రాంతి దాటాక వచ్చింది. రాణి ఒక కాపీ తెచ్చింది. ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో తటపటాయిస్తుంటే హెలెన్ లాక్కుంది. ఆఖరి వ్యాసం తీసింది. రైలు అలాగే ఉంది, వాన అలాగే ఉంది, కిటికీలోంచి మాట అలాగే ఉంది. చివర కొత్తగా రెండు వాక్యాలు చేరాయి. ఇన్నేళ్ళ తర్వాత ఆమె ఒక సభలో కనిపించిందనీ, అందరి ముందూ కన్నీళ్ళతో కృతజ్ఞత చెప్పుకుందనీ.

హెలెన్ పుస్తకం మూసింది. తిడుతుందని రాణి ఎదురుచూసింది. హెలెన్ పుస్తకం రాణికి తిరిగిచ్చేసింది.

"ఆంటీ, గ్రూపులో పెడతాను ఇది అబద్ధమని. ఆరోజు హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు కదా."

"పెట్టుకో. నా కోసం మాత్రం పెట్టకు."

రాణి పెట్టింది. రాజేంద్ర శిష్యులు కొందరు సంఘం మానేశారు. ఆయన మళ్ళీ అటు రాలేదు. వాళ్ళ బదులు నర్సులూ, టీచర్లూ, ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలూ చేరారు. రాణి తనే వచ్చి పిలిస్తే హెలెన్ మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది. రమేష్ బాబు ఇంకా వస్తాడు. ఆమె ఒకరోజు ఆయన దగ్గరికెళ్ళి, "మీ ఆవిడ గురించి ఆరోజు అన్నది తప్పండి" అంది. ఆయన విని, తల పంకించి, వెళ్ళి అవతలి వరసలో కూర్చున్నాడు. ఇప్పటికీ మాట్లాడడు. హెలెన్ కూడా బలవంతపెట్టలేదు.

ఓడ సినిమా ఆమె ఇంట్లో చాలాసార్లు చూసింది. డాక్టర్ని ఇప్పుడు కూడా తిడుతుంది. నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం టీవీ గొంతు పెంచి, విజయ్ పాల్‌ని పేపరు పక్కన పెట్టమంటుంది. ఆ నటి పేరు ఆయనకి కూడా నోటికొచ్చేసింది.

ఈస్టరు ముందు చర్చి పాస్టరు గారు ఇంటికి వచ్చారు. కుర్రవాడు, ఈమధ్యే వచ్చాడు. ఆ పుస్తకం సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. మెల్లగా కదిపాడు.

"క్షమించేశానని ఒక్కసారి అనుకోండమ్మా. మనసు తేలికపడుతుంది."

"అడిగినవాళ్ళని క్షమిస్తామండి. ఆయన అడగలేదు. పైగా నేనే ఆయనకి దణ్ణం పెట్టానని అచ్చేయించుకున్నాడు."

"పోనీ, ఆయన కోసం ప్రార్థన చేద్దామా?"

"చేస్తూనే ఉన్నానండి, రోజూ" అంది హెలెన్. "ఏమని చేస్తున్నానో మాత్రం అడక్కండి."

పాస్టరు గారు విజయ్ పాల్ ఇచ్చిన టీ తాగి, వర్షం వచ్చేలా ఉందని చెప్పి వెళ్ళిపోయారు.